ఆరంగుళాల సందు

బండ ఆరంగుళాలు పొట్టిగా వచ్చింది. ఏడడుగులు ఉండాల్సింది ఆరున్నర అడుగులే ఉంది. నేను అడిగింది ఒకటి, కోసి పంపింది ఇంకొకటి. ఇందులో వాదించడానికి ఏమీ లేదని ఆ రోజు అనుకున్నాను, చాలాకాలం పాటు అంటూనే ఉన్నాను.

ఇది ఎనభైల్లో మాట. ఏ ఏడో చెప్పగలను గానీ, చెబితే మా ఊరివాళ్ళు ఆ ఏటి మిరప ధర గురించి నాతో పోట్లాటకి దిగుతారు, అందుకని వదిలేస్తున్నాను. బండ అంటే వంటగట్టు మీద పరిచే నల్లరాయి. ఇప్పుడు ఇంటింటా గట్టు ఉంది కాబట్టి ఇదేం విశేషమని మీకనిపించవచ్చు. అప్పట్లో వినుకొండకీ పొదిలికీ మధ్య మా పల్లెల్లో ఆడవాళ్ళంతా పీట వేసుకుని నేల మీదే వండేవాళ్ళు. మా ఇంట్లోనూ అంతే. గట్టు కట్టించాలనే ఆలోచన మాకు సరదాకి పుట్టలేదు.

మా ఆవిడకి మోకాళ్ళు పోయాయి. పదిహేనేళ్ళు మిరప కోతల్లో వంగీ, పత్తి తీతల్లో పొద్దస్తమానం నిలబడీ, ఇంటికొచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చునీ అరగదీసుకుంది. గుంటూరు బ్రాడీపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్సరే తీయించి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి, “అమ్మా, నువ్వింక నేల మీద కూర్చోకూడదు” అన్నాడు.

“మరి వంటెట్లా అండీ?” అంది.

“నిలబడి చేసుకో.”

“పొయ్యి కిందుంది కదండీ?”

“అయితే పొయ్యిని పైకి లేపమని మీ ఆయనకి చెప్పు” అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

బస్సులో వచ్చేటప్పుడు, “డాక్టర్లు అట్టాగే చెబుతారు, వాళ్ళిళ్ళల్లో ఎవరు వండుతారో ఏమో” అని కొట్టిపారేసింది. నేనూ ఊరుకున్నాను. మిరపకాయ చేతికొచ్చే రోజులు. ఇంటి పనికి మేస్త్రీని పిలిచే తీరిక ఎవరికుంది?

పది రోజులు తిరక్కుండానే ఒక ఉదయం ఎద్దులకి నీళ్ళు పెట్టి, చిట్టు కలిపి, పాక చిమ్మి లోపలికొచ్చాను. వంటింట్లో పొగ. అన్నం పొంగి గంజి పొయ్యిలోకి కారుతోంది. మా ఆవిడ పీట మీద అలాగే కూర్చుని ఉంది. ఒక చెయ్యి గోడకి ఆనించి ఉంది, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని ఉంది.

“ఏమయింది?”

“లేవలేకపోతున్నా.”

“ఎంతసేపయింది?”

“మీరు ఎద్దులకి నీళ్ళు పెట్టేటప్పటి నుంచి.”

అంటే అరగంట పైమాట. “పిలవొచ్చుగా!” అన్నాను.

“పిలిస్తే ఊరంతా వినపడేట్టు అరుస్తారని.”

నేను అరిచాను. అరుస్తూనే రెండు చంకల కింద చేతులు వేసి లేపాను. ఆ బరువు, లేపేటప్పుడు ఆవిడ పళ్ళు బిగబట్టిన చప్పుడు నాకింకా గుర్తే. ఆ పూటే మేస్త్రీకి కబురు పెట్టాను. గట్టు అయ్యేదాకా వంట నేనే చేస్తానన్నాను. మా అమ్మ అప్పటికి ఉంది. చూపు తగ్గింది గానీ నాలుక మాత్రం పదునుగానే ఉండేది. నా మొదటి రోజు వంట నోట్లో పెట్టుకుని, “ఏరా, పప్పులో నీళ్ళు పోశావా, నీళ్ళలో పప్పేశావా?” అంది. మా ఆవిడ కుర్చీలో కూర్చుని, “ఉప్పు వేశారా?” అని రోజుకి నాలుగుసార్లు అడిగేది. వేశానని చెప్పినా నమ్మేది కాదు. ఒక్కోసారి ఆమె అనుమానమే నిజమయ్యేది.

మేస్త్రీ పక్కూరి సాయిబు. మా ఇంటి గోడలు కట్టింది అతనే. మా ఆవిడని అక్కా అనేవాడు, ఆ వరసన నేను బావనయ్యాను. వంటింటి చివర, ఈ గోడకీ ఆ గోడకీ మధ్య ఇటుకతో దిమ్మెలు కట్టాడు. వాటి మీద ఒకే బండ గోడ నుంచి గోడకి పడుకోవాలి. బండ మీద కిరోసిన్ స్టవ్వు పెట్టాలి. రాయి వినుకొండ రోడ్డులో కోసేవాళ్ళు. కొలత పంపాలి.

మేస్త్రీ సంచిలోంచి టేపు తీశాడు. నేను వద్దన్నాను.

దీనికో కారణం ఉంది. నేను బడికి పోయింది మూడేళ్ళే. మిగతాదంతా పొట్లాం కాగితాలు విప్పి చదివి, ఊరికొచ్చిన పత్రికలు అడిగి తెచ్చుకుని, నాకు నేనుగా నేర్చుకున్నాను. అట్లా నేర్చుకున్నవాడికి ప్రతిదీ తనే సరిచూసుకునే అలవాటు పట్టుకుంటుంది. అంతకుముందు ఏడాది తలుపుకి కొలత రాసి పంపితే వడ్రంగి టేపుకీ మా టేపుకీ అంగుళం తేడా వచ్చింది. ఆ తలుపు ఇప్పటికీ తన్నితే గాని పడదు. అప్పటి నుంచి నాదొక సూత్రం. అంకె రాసి పంపితే మధ్యలో మారుతుంది, తాడు పంపితే మారదు. మా పెద్దవాళ్ళు మంచాలకీ దూలాలకీ తాళ్ళే పంపేవాళ్ళు, ఎప్పుడూ తేడా రాలేదు.

ఎద్దుల పగ్గాలకని పేనిన కొత్త నూలు తాడు దండెం మీద ఉంది. ఒక కొస మేస్త్రీకిచ్చి, ఆ గోడకి ఆనించి పట్టుకోమన్నాను. రెండో కొస నేను ఈ గోడకి బిగించి పట్టి, రెండు వైపులా ముళ్ళు వేశాను.

“టేపు ఉంది కదా బావా?” అన్నాడు మేస్త్రీ.

“నీ టేపు నీ దగ్గరే ఉంచుకో.”

“ఉంచుకుంటాలే. రాయి వచ్చాక అవసరమొస్తుంది” అని నవ్వాడు.

వెడల్పుకి ఎండిన కందిపుల్ల ఒకటి సరిగ్గా విరిచాను. తాడునీ పుల్లనీ కలిపి చుట్టి, గుంటూరు యార్డుకి మా మిరప బస్తాలు తీసుకెళ్ళే లారీ డ్రైవరుకిచ్చాను. వినుకొండలో రాళ్ళ అతనికి ఇచ్చిపోవాలి, తిరుగు ప్రయాణంలో బండ వేసుకురావాలి. లోపల పెట్టుకోమని చెప్పాను. లోపల పెడితే మర్చిపోతానని అతను దాన్ని బయట పరదా కట్టే కొక్కేనికి ముడేశాడు. కళ్ళముందుంటుందిలే అనుకుని నేనూ సరేనన్నాను. ఆ సాయంత్రం ఎక్కడి నుంచో మబ్బులు కమ్మి అకాల వాన కొట్టింది. కల్లంలో ఇంకా రెండో కోత కాయ ఆరబోసి ఉంది. ఇంటిల్లిపాదీ గోనెలూ పరదాలూ పట్టుకుని పరిగెత్తాం. మా ఆవిడ పరిగెత్తలేక గుమ్మంలో నిలబడి, ఏ మూల తడుస్తోందో కేకలేసి చెబుతూ ఉంది. కాయ దక్కింది. ఆ రోజు నా ఆలోచనంతా మిరపకాయ మీదే.

వారానికి బండ వచ్చింది. నలుగురం మోసుకొచ్చి దిమ్మెల మీద పెట్టాం. ఎడమ గోడకి ఆనిస్తే కుడివైపు చెయ్యి దూరేంత సందు. కుడి గోడకి ఆనిస్తే ఎడమవైపు సందు. మేస్త్రీ టేపు తీసి సందు కొలిచాడు. ఆరంగుళాలు. తర్వాత వెడల్పు కొలిచాడు. గీత గీసినట్టు సరిపోయింది.

“వెడల్పు ఒక్క నూలు కూడా తేడా లేదే. పొడుగే ఎట్టా తగ్గింది బావా?” అన్నాడు.

“వెడల్పు కోసేటప్పుడు మెలకువగా ఉన్నాడు, పొడుగు కోసేటప్పుడు కునికాడు” అన్నాను.

అక్కడి నుంచి నా నోరు ఆగలేదు. రాళ్ళ అతన్నీ, అతని రంపాన్నీ, వినుకొండ రోడ్డునీ కలిపి తిట్టాను. ఈ రాయి వెనక్కి పోవాల్సిందేనన్నాను. తప్పుగా కోసిన రాయిని ఇంట్లో పెట్టుకుంటే తప్పుకి మనం తలూపినట్టేనన్నాను. ఇంతలో నిమ్మళంగా మేస్త్రీ ఒక మాట అన్నాడు. “పంపొచ్చు బావా. మిరప బేరాలు అయిపోయినై. ఇంక ఇటు లారీ వచ్చేది పత్తికే.”

పత్తి లారీలు రావాలంటే మధ్యలో ఒక పంట కాలం ఉంది.

మా ఆవిడ అప్పటిదాకా కుర్చీలోనే ఉంది. “మీ న్యాయం వచ్చేదాకా నేనెక్కడ నిలబడనండీ?” అంది.

  మూడు వారాల నా వంట అందరం తిన్నాం. అంతకంటే పెద్ద భయం నాకింకోటి ఉంది. నేను పొలం పోయినప్పుడు ఈవిడ చూసి చూసి మళ్ళీ పీట వాల్చుకుని కూర్చుంటుంది. ఈసారి లేపడానికి ఇంట్లో ఎవరుంటారు? మా అమ్మా? అప్పటికే ఒకసారి నేను పొలం నుంచి వచ్చి తలుపు తీసేసరికి పీట గోడకి చేరవేసి ఉన్నా దాని మీద తడి ఉంది. అడిగితే, “పీట కడిగా” అంది.

సరే, రాయి ఉంచుదాం, సందుని ఏం చేద్దామన్నది మిగిలింది. సిమెంటుతో పూడుస్తానన్నాడు మేస్త్రీ. “కానీ బావా, అది బండతో కలవదు. ఏడాదికి నెర్రె ఇస్తుంది. నెర్రెలో బొద్దింకలు కాపురం పెడతై. తర్వాత నన్ను తిట్టొద్దు.” ఇంకో చిన్న ముక్క తెప్పించి అతికిద్దామన్నాను. మళ్ళీ ఆ రాళ్ళ అతన్నే అడగాలి, అది నా వల్ల కాదని నేనే అన్నాను.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకుంటూ వచ్చి బండ ముందు నిలబడింది. సందులోకి వంగి చూసింది, గోడ మీద వేళ్ళతో కొట్టింది.

“తమ్ముడూ, ఈ గోడ అవతలేముంది?”

“గేదె ఉందక్కా” అన్నాడు మేస్త్రీ.

“గేదె పక్కన?”

“కుడితి గోలెం.”

బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరల తొక్కలు అన్నీ మేం గేదె కోసం ఆ గోలెంలో పోసేవాళ్ళం. వంటింట్లోంచి అక్కడికి పోవాలంటే వెనక తలుపు తీసి, రెండు మెట్లు దిగి, చుట్టూ తిరిగి పోవాలి. గంజి గిన్నె చేతుల్లో పెట్టుకుని ఆ రెండు మెట్లు దిగడమే మా ఆవిడకి అన్నిటికంటే కష్టంగా ఉండేదట. నాకు ఆ రోజు తెలిసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ మెట్ల సంగతి నేనెప్పుడూ అడగలేదు. వంట చేసిన మూడు వారాలూ నేను కుడితి పెరట్లోకి విసిరికొట్టేవాణ్ణి గానీ గోలెం దాకా మోయలేదు.

“సందు మూయొద్దు తమ్ముడూ. ఇక్కడ గోడకి కన్నం పెట్టి, గోలెంలోకి జారేట్టు ఏదైనా వెయ్యి. పై నుంచి పోస్తే అటు పడిపోవాలి” అంది.

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

“గూనపెంకులు వెల్లకిలా వేస్తే సరిపోద్దక్కా. మూడు పెంకులు చాలు” అన్నాడు.

వసారాలోంచి మా అమ్మ, “ఒరేయ్, గోడకి కన్నం పెడితే పాములొస్తాయిరా!” అని అరిచింది.

“రాత్రిపూట చెక్క బిరడా కొడదాం పెద్దమ్మా. పాము వచ్చినా తలుపు తట్టి వస్తుంది” అన్నాడు మేస్త్రీ. మా అమ్మ కూడా నవ్వింది.

మర్నాటికి పనైపోయింది. బండని ఎడమ గోడకి ఆనించి, కుడివైపు ఇంకో దిమ్మె కట్టి కూర్చోబెట్టాడు. సందులో మూడు గూనపెంకులు ఏటవాలుగా దింపి, సిమెంటు పూసి, గోడ అవతల గోలెం మీదికి మూతి పెట్టాడు. బండ అంచుని ఇసుకరాయితో రుద్ది నున్నగా చేశాడు. అది ఆరేదాకా రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజులూ నేను వంట మరీ చెడగొట్టాను. ఇంక అవసరం తీరిపోతోందనే సంతోషంలో చేతులు నిలవలేదు.

మూడో రోజు పొద్దున ఆవిడ స్టవ్వు ముట్టించింది. నిలబడి. నేను ఎద్దుల పని వదిలేసి, ఏదో వెతుకుతున్నట్టు వంటింట్లోనే తచ్చాడుతున్నాను. దోసకాయ తరిగింది. తొక్కలు అరచేత్తో బండ మీద నుంచి నెట్టింది. సందులోంచి జారి అటు టప్పున పడ్డాయి. బియ్యం కడిగి నీళ్ళు వంచింది. అన్నం వార్చి గంజి వంచింది. పీట వాల్చలేదు, మెట్లు దిగలేదు, గోడ పట్టుకోలేదు. వంటంతా అయ్యాక మోచేతులు రెండూ బండ మీద ఆనించి కాసేపు ఊరికే నిలబడింది.  హమ్మయ్య అనుకున్నాను. పైకి మాత్రం, “ఉప్పు వేశావా?” అన్నాను.

“బయటికి పోండి” అంది.

గేదెకి రెండు రోజుల్లో అలవాటైంది. బండ మీద కత్తి చప్పుడు వినబడగానే వచ్చి, గోలెం మీది కన్నానికి మూతి ఆనించి నిలబడేది. ఆవిడ ఇవతల నుంచి దానితో మాట్లాడేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చూడ్డానికొచ్చి, ఒకరి తర్వాత ఒకరు సందులో నీళ్ళు పోసి చూశారు. ఒకావిడ, “వదినా, మా ఆయనకి చెప్పి మాకూ ఇట్టాగే పొట్టి బండ తెప్పించుకుంటా” అంది. నేను అరుగు మీదే ఉన్నాను. అది పొట్టి బండ కాదమ్మా, పొట్టిగా కోసిన బండ అని తేడా విడమరిచి చెప్పాను. ఆవిడ మా ఆవిడ వైపు తిరిగి, “అన్నయ్యకింకా కోపం పోలేదా?” అని అడిగింది.

పోలేదు. ఇంట్లో పని చక్కబడింది సరే, తప్పు తప్పే కదా. ఊళ్ళో చదువురానివాళ్ళ ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. కొడుక్కి రాయాలన్నా, తాలూకాఫీసుకి అర్జీ పెట్టాలన్నా మా అరుగు మీదికే వచ్చేవాళ్ళు. అందరి తరఫునా రాసినవాణ్ణి, నా తరఫున ఊరుకుంటానా? బండ వచ్చిన రోజే రాళ్ళ అతనికి ఇన్లాండ్ కవరు రాశాను. కొలత తాడు మీద ముళ్ళు వేసి పంపానని, వెడల్పు సరిపోయి పొడుగు తప్పిందని, తప్పు నాదే అని ఒక్క వాక్యం రాసి పంపితే చాలని, ఇంకేమీ అక్కర్లేదని రాశాను. నెల చూశాను. జవాబు లేదు. రెండోసారి పోస్టుకార్డు రాశాను. దారిలో పదిమందీ చదవాలనే కార్డు రాశాను. అందులో కొన్ని మాటలు ఇక్కడ రాయను. దానికీ జవాబు లేదు. మూడోది రిజిస్టరు చేశాను. అందినట్టు సంతకం పెట్టిన ఎర్రకార్డు మాత్రం తిరిగొచ్చింది. సంతకం గుండ్రంగా, శ్రద్ధగా ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చక్కగా సంతకం చేసేవాడికి ఒక్క వాక్యం రాయడానికి ఏం రోగం అని ఊరందరికీ చూపించాను.

మా ఆవిడ మాత్రం స్టవ్వు దగ్గర నిలబడి, “పోనిద్దురూ, ఆయన పుణ్యాన నాకు మెట్లు తప్పినై” అనేది. అందుకే ఇంకా మండేది.

పత్తి తీతలు మొదలయ్యాక వచ్చింది జవాబు. మేస్త్రీ వినుకొండ వైపు పనికి పోయి వస్తూ తెచ్చాడు. కవరుతో పాటు ఒక చిన్న పొట్లం కూడా ఇచ్చి, “చదువుకో బావా” అని ఆగకుండా వెళ్ళిపోయాడు. అరుగు మీద కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను. ఆ రోజు నాకు సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గు కంటే ముందు, ఇన్ని నెలలు మోసిన బరువు దించేసినట్టయింది. ఇంక ఎవరి మీదా కోపంగా ఉండక్కర్లేదు. లోపలి నుంచి మా ఆవిడ, “ఏం రాశాడు?” అని అడిగింది. “తప్పు ఒప్పుకున్నాడు” అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. “అయితే ఇంక భోజనానికి రండి” అంది.

ఆ ఉత్తరం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆవిడకి ఎన్నడూ చదివి వినిపించలేదు. ఇక్కడ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, అచ్చయ్యాక ఆవిడే చదువుకుంటుంది.

“అయ్యా, నమస్కారం. మీ ఉత్తరాలు మూడూ అందాయి. నాకు సంతకం వరకే వచ్చు. కవరు ఎవరిచేతనైనా చదివించుకుందామనుకునేలోపు మీ కార్డు వచ్చింది. పోస్టుమాన్ రెండు వాక్యాలు చదివి, మిగతాది తను చదవలేనని చెప్పి ఇచ్చి వెళ్ళాడు. అందుకని ఆ తర్వాత ఎవరికీ చూపించకుండా దాచాను. పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి ఇప్పుడు అన్నీ చదివి వినిపించి, నేను చెబుతుంటే ఇది రాస్తోంది. మీ తాడు ఆ రోజు వానలో నీళ్ళోడుతూ నా చేతికి వచ్చింది. ఆరబెట్టి, ముడి నుంచి ముడికి పట్టి కోశాను. వెడల్పు పుల్ల పెట్టి కోశాను, అది సరిపోయిందని మీరే రాశారు. మాకూ ఎద్దులున్నాయి. నూలు తడిసి ఆరితే పొట్టిదవుతుందని కొత్త పగ్గాన్ని ముందే నానబెట్టి గుంజి లాగకుండా ఏ రైతూ వాడడు కాబట్టి, మీరు ఆ పని అయ్యాకే ముళ్ళు వేసి ఉంటారనుకున్నాను. తడిసి వచ్చింది, కొలత సరేనా అని ఒక్క కబురు పంపాల్సింది. పంపలేదు, ఆ తప్పు నాదే. తాడు మేస్త్రీ చేత పంపుతున్నాను, కొలుచుకోండి. మీ రాతిలో మిగిలిన ముక్క అరడుగు పైనే ఉంది, పారెయ్యలేదు, కావాలంటే లారీలో వేస్తాను. మీ ఇంట్లో అమ్మగారు నిలబడి వండుకుంటున్నారని మేస్త్రీ చెప్పాడు, విని సంతోషించాను. మీ ఊళ్ళో ఇంకో ఇద్దరికి బండలు కావాలట, ఆరంగుళాలు తగ్గించి కోయమంటున్నారట. వాళ్ళకి కొలతలు మీరే పంపేట్టయితే దయచేసి కందిపుల్ల మీద పంపండి.”